ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది

మా ఇంటి ఆడవాళ్ళు నలభై చూడరని ఊళ్ళో ఒక మాట ఉంది. మా అమ్మ నీలమ్మ పోయిన పదో రోజున వంటల దగ్గర ఎవరో అంటుంటే విన్నాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. అన్నదెవరో గుర్తులేదు. గుమ్మడికాయ తరుగుతూ, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అన్న సంగతి మాత్రం గుర్తుంది. ఆ మాట అప్పట్నుంచీ చెప్పులో రాయిలా నాతోనే నడుస్తోంది.

అమ్మ ముప్ఫై ఎనిమిదేళ్ళకి పోయింది. ముందు పాదాలు ఉబ్బాయి, తర్వాత మొహం ఉబ్బింది, చివరికి గాజులు కోసి తీయాల్సి వచ్చింది. ఈ రెండువేల ఐదులో నాకూ ముప్ఫై ఎనిమిదే నడుస్తోంది. కార్తీకం వస్తే ముప్ఫై తొమ్మిది.

నేను పలాసలో లెక్కల టీచర్ని. పిల్లలకి భయపడొద్దని చెప్పడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని, రోజూ పొద్దున్నే మంచం దిగక ముందే కుడికాలి మడమ పైన బొటనవేలితో నొక్కి, వేలు తీసి, గుంట ఎంతసేపట్లో పూడుతుందో లెక్కపెట్టుకునేదాన్ని. ఉగాదికి మూడు అంకెలు. రథయాత్ర నాటికి ఐదు. ఆ రెండు అంకెల తేడా ఎవరికీ చెప్పలేదు.

మా బావకి మాత్రం తెలుసు. బావ అంటే మా ఆయన, తారకేశ్వరరావు. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. "ఏటే, మల్లా కాలు నొక్కుకుంతన్నావా? ఆ రగతం ఏదో ఓపాలి ఇచ్చీసి ఒచ్చీమంతే ఇనవు" అనేవాడు. వినలేదు. ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో రక్తపరీక్షకి వెళ్ళినవాళ్ళు ఫైలుతో తిరిగొస్తారు. ఫైలు వచ్చాక విశాఖపట్నం రైళ్ళు, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫైలొక్కటే ఇంట్లో మిగులుతుంది. అలాంటి ఫైళ్ళు మా చుట్టాల ఇళ్ళల్లో ఎన్ని చూశానో. పరీక్ష చేయించుకుంటే జబ్బు వచ్చేస్తుందని లెక్కల టీచరు నమ్మొచ్చా అంటే, నమ్మింది.

ఆ వేసవిలో మా అమ్మ ఊరు తోటపుట్టుగలో మెడికల్ క్యాంపు పెట్టారు. బావ నన్ను బలవంతాన తీసుకెళ్ళాడు. కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"అమ్మగారు కిడ్నీతోనే పోయారా?"

"కాళ్ళు ఉబ్బి పోయింది."

"ఆవిడ తల్లి? ఆ పై తల్లి?"

"ఎందుకండీ?"

"వంశంలో ఉందేమో చూడాలమ్మా. నీళ్ళంటారు, మందులంటారు, వంశం అంటారు. ఏదీ తేలలేదు."

వంశం అన్న మాట చెవిన పడగానే లేచి వచ్చేశాను. సూది గుచ్చడానికి దూది తడిపిన నర్సు అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక పట్టుదల పట్టుకుంది. అమ్మకి పైన ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నలభై దాటి ఉంటే చాలు, ఆ గుమ్మడికాయ మాట అబద్ధం. అప్పుడు వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను. అంతవరకూ లేదు. బావకి అదే చెప్పాను.

"సచ్చిపోయినోల్ల వయసులు తెలిసి ఏటి సేత్తావే?" అన్నాడు. "నీకు దైర్నం గావాలంతే నానున్నాను గదా!"

"నువ్వు మా అమ్మవి కాదు గదా బావా!"

ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు పాపం.

మా అమ్మమ్మ తవిటమ్మ మిషన్ బడిలో చదువుకుంది, చర్చిలో పెళ్ళాడింది. అమ్మ నాన్నని చేసుకోవడంతో మేం మళ్ళీ ఊరమ్మవారి గుడికి చేరుకున్నాం. ఆ సంగతి మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడరు. కానీ దొరలు లెక్క రాసేవాళ్ళు. ఎవరు పుట్టారు, ఎవరు పెళ్ళాడారు, ఎవరు పోయారు, అన్నీ ఇంగ్లీషులో. మామూలు కుటుంబాల్లో ముత్తమ్మమ్మల పేర్లే ఎవరికీ తెలియవు. మా వాళ్ళవి ఎక్కడో ఒక చోట రాసి ఉన్నాయి. అదృష్టమో దురదృష్టమో అప్పటికి తెలియదు.

టెక్కలి దగ్గర అమ్మమ్మ పెళ్ళాడిన పాత చర్చిలో రికార్డులు చూసే ముసలాయన పేరు మన్మథరావు. "తాత పెట్టిన పేరమ్మా. దీన్ని మార్సడానికి ఏ దొరకీ నోరు రానేదు" అని నవ్వాడు. బీరువా తెరిస్తే చెదల మందు వాసన. రిజిస్టర్లు మూడు రకాలు: బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు. దొరల గొలుసుకట్టు రాత నాకు కొరుకుడు పడలేదు. ఆయనే భూతద్దం పెట్టుకుని చదివాడు.

ముందు పెళ్ళిళ్ళ పుస్తకం తీశాడు. తండ్రి పేరుకి ఒక గడి, తండ్రి వృత్తికి ఇంకో గడి. తల్లికి గడే లేదు.

"మోసి కన్నదానికి గడి లేదా మాస్టారూ?"

"దొరల రూలమ్మా. నన్ను తిడితే ఏటొత్తాది?"

తల్లి పేరు లేని పుస్తకం నాకెందుకని ఒళ్ళు మండి పక్కన పడేశాను. ఆ రోజు చేసిన తప్పు అదే.

బాప్తిస్మాల పుస్తకంలో తల్లి పేరు ఉంటుంది. 1912లో దొరికింది. తవిటమ్మ, పసిపిల్ల. తండ్రి, తోటపుట్టుగ మిషన్ బడి పంతులు. తల్లి, రత్నాలమ్మ. ముత్తమ్మమ్మ పేరు మొదటిసారి విన్నాను. రత్నాలమ్మ, రత్నాలమ్మ అని రెండుసార్లు పైకే అనుకున్నాను. గడి పక్కన అంచులో సన్నగా ఏదో రాసి ఉంది. సిరా వెలిసిపోయి గోధుమరంగుకి తిరిగింది. "ఇది తర్వాత సూద్దాం, కల్లు పీకుతన్నాయి" అన్నాడు మన్మథరావు గారు. నా ఆత్రమంతా సమాధుల పుస్తకం మీద ఉంది. సరే అన్నాను.

నా సంచిలోంచి సీసా తీసి ఆయనకి నీళ్ళిచ్చాను. తోటపుట్టుగలో మా తోట బావి నీళ్ళు. ఆ తోట మా ఆడవాళ్ళది. పసుపు కుంకుమ కింద తల్లి నుంచి కూతురికి వస్తూ నా దాకా వచ్చింది. కొబ్బరీ జీడీ ఉన్న ఎకరం ముక్క, మధ్యలో బావి. పెళ్ళయి పలాస వచ్చిన మొదటి వారంలోనే, మున్సిపాలిటీ నీళ్ళు గొంతు దిగడం లేదని బావతో పోట్లాడాను. అప్పట్నుంచీ పదహారేళ్ళుగా మూడు రోజులకోసారి మోపెడ్ మీద రెండు క్యాన్లు తెస్తున్నాడు. వానొచ్చినా ఆగలేదు.

"ఉద్దానం నీల్లా? పటిక బెల్లం ఏసినట్టున్నాయే!" అంటూ సీసా ఖాళీ చేశాడాయన.

సమాధుల పుస్తకంలో వెతకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ముందు రత్నాలమ్మ దొరికింది. 1921, వయసు ముప్ఫై ఆరు. కారణం గడిలో ఒకే మాట, డ్రాప్సీ.

"అంటే?"

మన్మథరావు గారు నా మొహం చూసి మెల్లగా చెప్పాడు. "ఒల్లు నీరు పట్టడం."

తర్వాత మా అమ్మమ్మ దొరికింది. తవిటమ్మ, 1949, వయసు ముప్ఫై ఏడు. కారణం, అదే డ్రాప్సీ.

ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు. అమ్మ ముప్ఫై ఎనిమిది. తర్వాతి అంకె ఏమిటని ఆరో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. బల్ల పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఫ్యాను నా వైపు తిప్పాడు.

ఆ తర్వాతి రెండు నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. బడికి వెళ్ళేదాన్ని, బోర్డు మీద లెక్క వేసేదాన్ని, చాక్‌పీసు పట్టుకున్న నా వేళ్ళు లావయ్యాయేమోనని మధ్యలో ఆగిపోయేదాన్ని. కాలి లెక్క ఐదు నుంచి ఆరుకి వచ్చింది. మా అమ్మాయి అమ్ములుకి పదిహేనేళ్ళు, టెన్త్ చదువుతోంది. దాని జడ వేస్తుంటే దానికి రాబోయే అంకె నలభై అని తోచి దువ్వెన జారిపోయింది. నా చావు కన్నా ఆ నలభై నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక్కో తరానికి ఒక్కో ఏడాది చొప్పున అరువిస్తున్న ఆ దేవుడెవరో గానీ, నాకు ఎదురుపడితే బెత్తం తీసుకునేదాన్ని.

బావ అడగడం మానేశాడు. అది ఇంకా భయంగా ఉండేది.

దసరా సెలవుల్లో మళ్ళీ టెక్కలి వెళ్ళాను. రత్నాలమ్మ తల్లి ఎవరో తెలుసుకుందామని. మునిగిపోయేవాడికి గడ్డిపోచ కదా, ఆమె అయినా నలభై దాటి ఉండకపోతుందా అని. రత్నాలమ్మ బాప్తిస్మం ఎక్కడా దొరకలేదు. మన్మథరావు గారు గడ్డం గోక్కుని, "మీ అమ్మమ్మ పెల్లి కాయితం సూద్దామా టీచరమ్మా? ఆ రోజు నువ్వు కోప్పడి పక్కన పెట్టీసినావు. సొంతూరు రాసుంతాదేమో" అన్నాడు.

1930. పెళ్ళికూతురు తవిటమ్మ, పద్దెనిమిదేళ్ళు, తోటపుట్టుగ. తండ్రి పేరు, వృత్తి. కింద సాక్షులు ముగ్గురు. రెండు సంతకాలు, ఒక వేలిముద్ర. వేలిముద్ర పక్కన దొర చేతిరాత.

భూతద్దం అక్కడే ఆగింది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

"గౌరమ్మ. పెల్లికూతురి తల్లి. రంగూన్ నుంచి ఒచ్చింది."

"తల్లి రత్నాలమ్మ కదా మాస్టారూ?"

"రత్నాలమ్మని ఇరవయ్యొకటిలో పాతీసినారు గదమ్మా. ముప్పైలో ఎలాగొచ్చి ఏలిముద్ర ఏత్తాది?"

నేనే లేచి బాప్తిస్మాల పుస్తకం తెచ్చి 1912 తెరిచాను. అంచులో ఉన్న ఆ సన్నటి రాత. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండలో పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాడాయన. దొర రాసింది ఇది:

ఈ శిశువును ఈ దంపతులు పొరుగింటి గౌరమ్మ అను హిందూ స్త్రీ వద్ద మానెడు తవుడునకు కొన్నారు. ఆమె వయసు ఇరవై ఎనిమిది. ఇంతకు మునుపు నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్నది. బిడ్డల బేరము ఘోర పాపమని అందరినీ మందలించితిని. ఆమె భర్తతో రంగూన్ వెళ్ళిపోయినది. బిడ్డ ఇక వీరిదే.

నాకు నవ్వొచ్చింది. చర్చి అని కూడా చూడకుండా గట్టిగా నవ్వాను. దొరకి ఏం తెలుసు? మా వైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినదాన్ని ఇంకో ఇల్లాలికి తవుడుకి అమ్ముతారు. ఇది మా పిల్ల కాదు, అమ్మేశాం అని చావుకి చెప్పడం. చావు వచ్చి వెతుక్కుని, ఇది వేరేవాళ్ళదిలే అని వెళ్ళిపోతుంది. సాయంత్రానికి పిల్ల మళ్ళీ తల్లి ఒళ్ళోకే వచ్చేస్తుంది. తవుడుకి అమ్మింది కనక తవిటమ్మ. మా వీధిలోనే ముగ్గురు తవిటమ్మలున్నారు, ముగ్గురూ కన్నతల్లి దగ్గరే పెరిగారు. అందుకే అమ్మమ్మ పేరు వినీ నాకు అనుమానం రాలేదు. ఈ గౌరమ్మ మాత్రం నలుగుర్ని పోగొట్టుకున్న భయంతో, వెనక్కి తీసుకుంటే చావు గుర్తుపడుతుందని, పిల్లని కొన్నవాళ్ళ దగ్గరే వదిలేసి ఓడెక్కింది. దొర అది నిజం బేరమే అనుకుని, కొన్నావిణ్ణి తల్లి గడిలో రాసేశాడు.

నేను నా రక్తం అనుకుని వణికిన రత్నాలమ్మ పొరుగింటావిడ!

"మాస్టారూ, గౌరమ్మకి పన్నెండులో ఇరవై ఎనిమిది. ముప్ఫైలో ఎంత?"

"నువ్వు గదమ్మా లెక్కల టీచరువి."

నలభై ఆరు. నలభై ఆరేళ్ళ మనిషి, ఓడ దిగి వచ్చి, కూతురి పెళ్ళిలో నిలబడి, గట్టిగా వేలు ఒత్తింది. ఆ ముద్రలో గీతలు ఇప్పటికీ తెలుస్తున్నాయి. నేను దాని మీద నా బొటనవేలు ఆనించాను. ఏడుపొచ్చేసింది. ఆయన చూడనట్టు బీరువా సర్దుకున్నాడు. మా ఇంటి ఆడది నలభై చూసింది.

పలాస బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మకి టిక్కెట్టు నేనే తీసుకున్నాను. ఎందుకమ్మా అంటే ఊరికే అన్నాను. కాశీబుగ్గలో దిగి, పావుకిలో జిలేబీ కట్టించుకుని, ఐదింటికల్లా ఇంటికి చేరాను.

బావ అప్పుడే మోపెడ్ మీంచి క్యాన్లు దించుతున్నాడు. వాకిట్లోనే మొత్తం చెప్పేశాను. అర్థమైందో లేదో గానీ, నా మొహం చూసి ఆయన మొహం విప్పారింది.

"అయితే రత్నాలమ్మ మనకేటీ కాదన్నమాట."

"ఏమీ కాదు బావా. పొరుగావిడ. మన రక్తం గౌరమ్మది. నలభై ఆరు!"

"మరి రేపెల్దుమా పరీచ్చకి?"

"వెళ్దాం" అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట నా నోటి నుంచి తేలిగ్గా వచ్చింది.

అమ్ములు లోపల్నుంచి పెద్ద గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "ఎండలో ఒచ్చినావు గదమ్మా, తాగు. మొన్న నాన్న తెచ్చినవే. మన తోటవి." నా చేతికిచ్చి, లోపలి కుండలోంచి తనకీ ఒక గ్లాసు ముంచుకొచ్చి, నిలబడే గటగటా ముప్పాతిక తాగింది.

నేను సగం తాగాను. చల్లగా, తియ్యగా దిగాయి. అప్పుడు ఆగాను.

రత్నాలమ్మ పొరుగావిడ. మాకేమీ కాదు. ఆమె రక్తం తవిటమ్మలో లేదు. మరి ఇద్దరూ ఒకేలాగ ఎందుకు పోయారు?

తవిటమ్మకి గౌరమ్మ రక్తం వచ్చింది. రత్నాలమ్మ నుంచి వచ్చిందేమిటి? తోట. తోటలో బావి. గౌరమ్మ రంగూన్ నీళ్ళు తాగి నలభై ఆరేళ్ళకి నిక్షేపంలా తిరిగొచ్చింది. ఆమె కడుపున పుట్టిన పిల్ల తోటలో ఉండి ముప్ఫై ఏడుకి పోయింది. ఆ పిల్ల కూతురు, మా అమ్మ, ఆ తోటలోనే పుట్టి ఆ తోటలోనే పోయింది.

మరి మగవాళ్ళో అనుకున్నాను, ఆశగా. నాన్న యాభై నిండకుండానే పోయాడు. సారా అన్నారు. కానీ చివరి రోజుల్లో పాదాలకి చెప్పులు పట్టక వట్టి కాళ్ళతో తిరిగేవాడు, అది నా కళ్ళతో చూశాను. తాతగారిది ఉబ్బసం అన్నారు. మగవాళ్ళ చావుకి తలా ఒక కారణం వెతుక్కున్నాం. ఆడవాళ్ళ చావుకి మాత్రం శాపం అని పేరు పెట్టి ఊరుకున్నాం. ఊరుకుని, ఆ బావిలోనే చేద వేసుకున్నాం.

నీళ్ళో కాదో డాక్టరుకే తేలలేదు, నాకెలా తేలుతుంది? కానీ నా గ్లాసు అరుగు మీద పెట్టేశాను. పెళ్ళయిన వారంలో పోట్లాడి, పదహారేళ్ళుగా మోయించి, ఈ ఇంట్లోకి ఆ నీళ్ళు తెప్పించింది నేను. అమ్ములు పుట్టినప్పుడు మొదటి చెంచాడు నీళ్ళు పట్టింది కూడా అవే, మా అమ్మ తోటవి అని ముద్దుగా.

"ఏటయిందే?" అన్నాడు బావ.

"అమ్ములూ, ఇలా కూర్చో."

"ఏటమ్మా?"

"కూర్చోమన్నాను కదా! కాలు చాపు."

అరుగు మీద కూర్చుని కుడికాలు చాపింది. వెండి పట్టీ కాలికి బిగుసుకుని ఉంది. రోజూ చూసే కాలే. ఎన్ని వందల పొద్దులు నా కాలు నేను నొక్కుకున్నాను! దీని కాలు ఒక్కసారి కూడా ముట్టుకు చూడలేదు. నలభై దాటని శాపం కదా, దీనికి ఇంకా పాతికేళ్ళ గడువుందని లెక్క వేసుకున్నాను.

మడమ పైన బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు తీశాను. గుంట పడింది.

"సెలవులని చూడకుండా పొద్దున్నించీ ఎన్‌సీసీ డ్రిల్లులో నిలబెట్టీసినారమ్మా, అందుకే" అంది అమ్ములు, నా మొహం చూసి.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు దగ్గర నాది పూడిపోయేది. ఏడు. ఎనిమిది. పన్నెండు దాకా లెక్కపెట్టాను.

బావ వంగి చూశాడు. క్యాను మూత ఆయన చేతిలోనే ఉండిపోయింది. "రేపు పొద్దున్నే నీకు పరీచ్చ సేయించీద్దుమే, బయపడకు" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

అమ్ములు చేతిలో గ్లాసు లాక్కుని, మిగిలిన నీళ్ళు వాకిట్లో పారబోశాను.

"నాక్కాదు బావా" అన్నాను. "ముందు దీనికి."